పొగబండి కూడు

మొన్న ఎండల్లో, మిట్టమధ్యాహ్నం వేళ, ఒక కుర్ర ఇంజినీరు మా పెరట్లోకి వచ్చి కుడితి తొట్టి ముందు నిలబడి తల గోక్కున్నాడు. నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, వెనకాల మూడుకాళ్ళ దుర్భిణి మోస్తున్న ఇద్దరు కూలీలు. అత్తగారి ఊరికి దారి తప్పి వచ్చిన కొత్త అల్లుడిలా ఉన్నాడు పాపం. ఎవరు నాయనా, ఏం కావాలి అని అడిగాను.

"పాత రైలు సర్వే రాళ్ళ వెంట వస్తున్నామండీ. సంగం వైపు నుంచి ఆత్మకూరు దాకా తాడు పట్టి పాతినట్టు తిన్నగా ఉన్నాయి. ఊరు దాటాక ఉన్నట్టుండి వంకర తిరిగి, మీ కంచెలోంచి దూరి, ఇదిగో, ఈ తొట్టి పక్కన ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఇక్కడ గుట్టో చెరువో ఉండేదా? ఆ దొర దేన్ని తప్పించుకుందామని ఇటు తిప్పాడో మా ఆఫీసులో ఎవరికీ అంతు పట్టడం లేదు," అన్నాడు.

నాకు వచ్చిన నవ్వుకి నోట్లో ఉన్న వక్కపలుకు గొంతుకి అడ్డం పడింది. దగ్గు తెరిపి ఇచ్చాక చూస్తే ఆ అబ్బాయి మొహం చిన్నబోయి ఉంది. తనను చూసి నవ్వాననుకున్నాడు. "నిన్ను గాదులే నాయనా. చెప్తే పెద్ద కత. కూటి వేళయింది గదా, కాళ్ళు కడుక్కో. మీ వాళ్ళని గూడా రమ్మను. తింటా ఉంటే చెప్తాను," అన్నాను. ఆకలి మీద ఉన్నట్టున్నాడు, రెండోసారి పిలిపించుకోలేదు. అతనికి చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను. అతనికి విస్తరి ముందు తొందర ఉంది కాబట్టి కొన్ని ముక్కలు మింగేశాను. మీకు ఆ తొందర లేదు గనక అవీ కలుపుతున్నాను.

ఆత్మకూరు దాటి ఉదయగిరి దారి పట్టాక మొట్టమొదట తగిలే ఇల్లు మాది. ఇప్పుడు పెంకుటిల్లు. నా చిన్నతనంలో తాటాకు కప్పు, ముందు పొడుగాటి మట్టి అరుగు, వెనక పెద్ద పెరడు, పెరటి చుట్టూ తుమ్మకంప కంచె. బండ్లవాళ్ళకి పూటకూళ్ళు వండే ఇల్లది. నెల్లూరి నుంచి ఉప్పు, ఎండుచేపలు, బియ్యం ఎక్కించుకుని పడమటికి పోయే బండ్లు, ఉదయగిరి వైపు నుంచి ఆముదాలు, చింతపండు, నీలిమందు దించుకుపోయే బండ్లు, అన్నీ మా పెరట్లో ఆగాల్సిందే. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకి అంటుకునే ఉంది. ఎండుచేపల పులుసు, పచ్చి పేడ, ఇరుసులకు పూసే ఆముదపు కందెన, కుడితి పులిసిన వాసన, వీటన్నిటి మీదా మా అవ్వ కాల్చే చుట్ట. పెళ్ళయి ఉదయగిరిలో కాపురానికి వెళ్ళిన కొత్తల్లో మా అత్తగారింట్లో ఏ వాసనా లేక నాకు నిద్ర పట్టేది కాదు.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ ఇంటికి యజమాని. నాయన పేరుకి మగవాడు. అవ్వ ఎసట్లో బియ్యం పోయడానికి కొలపాత్ర ముట్టి ఎరగదు. దూరంగా ఎద్దుల మెడగంటలు వినపడగానే చెవి రిక్కించి, అవి ఎవరి బండ్లో పోల్చుకుని, ఆ బండివాడి పొట్ట గుర్తు చేసుకుని, దాన్ని బట్టి చేత్తో పోసేది. అల్లూరు బండ్లయితే రెండు చేతులా పోసేది. మర్రిపాడు వాళ్ళయితే, "వీళ్ళు తినేదానికంటే మాట్లాడేది జాస్తి," అని ఒక పిడికిలి తగ్గించేది. అన్నం మిగలడం, చాలకపోవడం నేను చూడలేదు. బండివాడు తినే లోపల ఆ బండి ఎద్దులు పెరట్లో కుడితి తాగాలని ఆమె శాసనం. మనిషికి ముందు పెట్టి ఎద్దుకి తర్వాత పోసిన కోడలిని, అంటే మా అమ్మని, రోజంతా సాధించేది.

మా నాయనకి బండి కట్టడం పని. ఆయనకి ఉన్న ఎద్దుల జతలో ఒకదాని పేరు సన్నాసి. తెల్లటి మేలుజాతి ఎద్దు, ఎత్తైన మూపురం, చూస్తే రాజావారి సవారీకి పనికొచ్చేట్టు ఉండేది. బుద్ధి మాత్రం ఇంటింటికీ తిరిగి అడుక్కునేది. ఏ గడప ముందు కుండ కనపడినా మూతి పెట్టి చూడందే కదిలేది కాదు. అందుకే అవ్వ ఆ పేరు పెట్టింది. దానికి ఒక గొప్ప గుణం ఉండేది. నెల్లూరిలో బండి కట్టి నాయన ముసుగుతన్ని పడుకుంటే, వంకలు, ఇసక, గోతులు అన్నీ తప్పించి గట్టినేల పట్టుకుని నడిచి, మా పెరట్లో ఆగి, అప్పుడు ఆయన్ని లేపేది. దాని జోడు ఎద్దు పక్కన నడవడం తప్ప ఏమీ ఎరగదు. ఈ సంగతి నాయన ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. కన్నకొడుకు పరీక్ష ప్యాసైనా అంత చెప్పుకుని ఉండడు.

ఆ తర్వాత, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు వచ్చింది. దాని గురించి నేను ఎక్కువ రాయను, రాయలేను. అల్లూరు బండ్లు ఆగిపోయాయి, మర్రిపాడు బండ్లు ఆగిపోయాయి, అవ్వ ఎసరు పెట్టడం మానేసింది. నెల్లూరిలో గింజలు ఉన్నాయని తెలిసి, జ్వరంతో లేవలేకుండా ఉన్న నాయన బదులు మా చిన్నాయన, అంటే అవ్వ చిన్న కొడుకు, ఆ ఎద్దులనే బండికి కట్టుకుని వెళ్ళాడు. పెళ్ళి కూడా కాలేదు అప్పటికి. కొన్నాళ్ళకు సన్నాసి ఒక్కటే, మెడలో తెగిన పలుపు వేలాడుతుండగా, డొక్కలు ఎండి, మా పెరట్లోకి నడిచి వచ్చి, ఎండిపోయిన తొట్టిలో మూతి పెట్టి నిలబడింది. జోడు ఎద్దూ రాలేదు, బండీ రాలేదు, చిన్నాయనా రాలేదు. సంగం దగ్గర వాంతిభేదితో పోయాడని తర్వాత తెలిసింది. అవ్వ తన వంతు గంజి ఆ తొట్టిలో పోసి సన్నాసిని బతికించింది. ఆ ఎద్దు మొహం చూసి ఏడవడం మాత్రం నేను చాలా రోజులు చూశాను.

వానలు పడ్డాయి. మళ్ళీ మెడగంటలు మొదలయ్యాయి. అదుగో, సరిగ్గా అప్పుడు వచ్చాడు దొర. సంగం మీదుగా రాళ్ళు పాతుకుంటూ వచ్చి, ఆత్మకూరు మామిడితోపులో డేరా వేసుకుని, నెల్లూరి నుంచి ఉదయగిరి కొండ కింద దాకా సరుకులు మోసే పొగబండికి దారి వేస్తున్నానని చాటించాడు. వెంట ఒక అరవ దుబాసీ, రాళ్ళు మోసే కూలీలు, వాళ్ళ మీద అజమాయిషీకి ఒక జమేదారు. ఊళ్ళో గగ్గోలు పుట్టింది. ఎవరికి ఏ సందేహం వచ్చినా తీర్చుకునే చోటు మా అరుగే కాబట్టి పంచాయతీ అంతా మా ఇంట్లోనే నడిచింది.

పొగబండి కావాలన్నవాడు ఉప్పు బేరం చేసే శెట్టి. దారి తన గిడ్డంగి పక్క నుంచి, ఊరి కింద రేగడి పల్లంలో పోవాలని ఆయన కోరిక. "వాన పడితే ఉప్పంతా నీళ్ళైపోయి ఉత్త గోతాలు దిగతా ఉండాయి నాకు. పొగబండిలో పొద్దున ఎక్కిస్తే మధ్యానానికి దిగతాది," అన్నాడు.

"దిగతాది. అది దిగినాక మేము యాడ దిగాల? బాయిలోనా?" అన్నాడు మా నాయన. బండ్లవాళ్ళంతా అవునవును అన్నారు.

ఊరి రెడ్డిగారు ఏ పక్కా తేలలేదు. బండ్ల ఎద్దులు ఆయన చేలల్లో పడుకుని వేసే పేడతోనే ఆయన పొలాలు పండుతున్నాయి. "ఎద్దులైతే పేడేస్తాయి. ఈ పొగబండి ఏమేస్తాదో ముందు చెప్పండయ్యా," అన్నాడు.

దానికి జవాబు చెప్పగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. చెప్పులు, కాడితోళ్ళు కుట్టే ఓబులేసు. కరువులో మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకుని యోహాను అయ్యాడు. మా అవ్వకి ఆ పేరు నోరు తిరిగేది కాదు. "ఒరే ఓబులేసూ" అంటే ఆయన "యోహానమ్మా" అని సరిచేసేవాడు. "సరే యోహానూ, కూర్చో ఓబులేసూ," అనేది. రేణిగుంటలో పొగబండిని కళ్ళారా చూసినవాడు ఆయన తప్ప మరొకడు లేడు కాబట్టి, దాని పొడుగు ఆయన చేతుల్లో ఉండేది. సంకటి ముద్ద పెద్దదిగా పడ్డ రోజున ఆత్మకూరులో మొదలై పెన్న ఒడ్డు దాకా సాగేది.

"బూడిదేస్తాది రెడ్డిగారూ. నిప్పులు గూడా ఏస్తాది," అన్నాడు యోహాను.

"నిప్పులా? నా గడ్డివామి దారి పక్కనే గదయ్యా ఉండేది!" అని రెడ్డిగారు లేచి నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ కూర్చుని, "ఆ బూడిద బోలెడు వస్తాదా?" అని మెల్లగా అడిగాడు.

అందరూ నవ్వారు. లోపల పులుసు కలుపుతున్న మా అవ్వ తెడ్డు పట్టుకునే బయటికి వచ్చింది. "నీళ్ళు తాగతాదా అది?"

"తొట్లకు తొట్లు తాగతాదమ్మా."

"దాన్ని తోలే మనుషులు కూడు తింటారా?"

"తినక? నిప్పు కాడ నిలబడి పనిజేసే వాళ్ళాయె. కుండలు ఖాళీ జేస్తారు."

"ఉప్పొక్కటే మోస్తాదా? గింజలు గూడానా?"

యోహాను కరువులో కాలవ తవ్వే పనికి సముద్రం వైపు వెళ్ళి వచ్చినవాడు. "గింజలే ముందు మోయాలమ్మా. నేను జూసినాను. మదరాసు నించి పడవల్లో వచ్చిన బియ్యం గట్టు మీద గుట్టలు బోసుండాయి. ఇంత దూరం మోసుకొచ్చే దానికి ఎద్దులేవీ? అన్నీ చచ్చిపోయినాయి గదా. ఆ బియ్యం ఆడనే ముక్కిపోయినాయి," అన్నాడు.

అవ్వ తెడ్డు నుంచి పులుసు బొట్లు కిందికి కారుతున్నాయి. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మనుషుల్లో ఒక చిత్రమైన గుణం ఉంది. పొగబండి రానే కూడదన్న బండ్లవాళ్ళే, అది ఎటు రావాలన్న మాట రాగానే శెట్టి మీద విరుచుకుపడ్డారు. రేగడి పల్లంలో దారి వేస్తే మొదటి వానకే బండి కూరుకుపోతుందని, తమ బండ్లు ఎన్నిసార్లు దిగబడ్డాయో చూశామని, దుర్భిణిలో చూసేవాడికి నేల ఏం తెలుస్తుందని వాళ్ళ వాదం. మా నాయన ఆవేశం పట్టలేక, "దొర ఎందుకు, దుర్భిణి ఎందుకు? మా సన్నాసిని వదిలితే ఉదయగిరి దాకా గట్టినేలే పట్టుకుని పోతాది!" అన్నాడు. ఈ మాట దుబాసీ చెవిన పడి, అక్కడి నుంచి డేరాలోకి పోయింది.

ఆ సమయానికి దొర కాలికి తుమ్మముల్లు దిగి, పాదం బూరెలా పొంగి, మంచం మీద ఉన్నాడు. పని ఆగిపోయిందన్న విసుగు మీద ఉన్నవాడికి ఎద్దు కబురు వినపడేసరికి భలే సరదా పుట్టింది. ఆ ఎద్దు ఎటు నడిస్తే అటు రాళ్ళు పాతుకుంటూ పొమ్మన్నాడు. నవ్వులాటకి అన్నాడో నిజంగానే అన్నాడో దేవుడికే తెలియాలి. జమేదారు మాత్రం దొర నోట వచ్చిన మాటలో నవ్వులాట ఉంటుందని కలలో కూడా అనుకునే రకం కాదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ నన్ను పిలిచి చేటనిండా ఉలవలు నా ముందు పోసి రాళ్ళు ఏరమంది. నాకు ఆశ్చర్యం వేసింది. కరువు తర్వాత మా ఇంట్లో ఉలవలు ఉడికిందే లేదు. ఉన్న చేటెడు గింజలు చట్టిలో దాచి మూతికి గుడ్డ కట్టి ఉంచింది అవ్వ. ఎవరికి జబ్బు చేసినా ఆ గుడ్డ విప్పలేదు. "పండగా అవ్వా?" అంటే, "నోరు మూసుకోని ఏరు," అంది. ఉడికే ఉలవల వాసన ఎంత దూరం పోతుందో ఎద్దున్న ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలి కూడా ఆ రోజు పడమటి నుంచి ఊరి వైపు తిరిగి ఉంది. పొయ్యి ముందు కూర్చుని అవ్వ మాటిమాటికీ కుండ మూత తీసి పెట్టడం చూశాను కానీ, ఎందుకో నాకు తట్టలేదు.

ఊరి పొలిమేరలో సన్నాసి వీపు మీద రెండు ఉప్పు మూటలు వేశారు. బరువు లేకపోతే ఎద్దు పచ్చిక చూసుకుంటుందని, బరువుంటేనే నేల చూసుకుంటుందని బండ్లవాళ్ళ పద్ధతి. నాయన చేతిలోంచి ములుకోల లాగేసుకున్నారు. పలుపు మూపురానికి చుట్టేశారు. నోటితో అదిలించడానికి కూడా వీల్లేదని జమేదారు ఆజ్ఞ. ముందు సన్నాసి, వెనక నాయన, ఆ వెనక గొడుగు వేసుకుని దుబాసీ, రాళ్ళు మోసే కూలీలు, బండ్లవాళ్ళు, రెడ్డిగారు, వీళ్ళందరికీ పక్కగా "ఇటు, ఇటు" అని సైగలు చేస్తూ శెట్టి. దేవుడి ఊరేగింపుకి కూడా మా ఊళ్ళో అంత మంది కదిలినట్టు నాకు గుర్తులేదు. మేం ఆడపిల్లలం కంచె సందుల్లోంచి చూస్తున్నాం.

సన్నాసి మొదట తిన్నగా శెట్టి గిడ్డంగి ముందుకే వెళ్ళింది. శెట్టి ముందుగానే ఆముదపు చెక్క ఒక గంపెడు గుమ్మంలో పెట్టి ఉంచాడు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. సన్నాసి గంపలో మూతి పెట్టి, వాసన చూసి, ఒక్క తుమ్ము తుమ్మి ముందుకు పోయింది. "రాయి పాతండయ్యా, పాతండి, ఆగింది గదా!" అని శెట్టి మొత్తుకున్నాడు. నడిచిన చోటే పాతమన్నారు గానీ తుమ్మిన చోట పాతమనలేదన్నాడు జమేదారు. కొంత దూరం పోయాక ఎద్దు నిలబడి ఉచ్చ పోసింది. దుబాసీ గొడుగు కింది నుంచి జమేదారు వంక చూశాడు, జమేదారు నాయన వంక చూశాడు. అక్కడ రాయి పడాలా వద్దా అన్న చర్చ ఎద్దు పని కన్నా ఎక్కువసేపు జరిగింది.

రేగడి పల్లం అంచుకి రాగానే సన్నాసి ఆగి, ఒక కాలు నల్లమట్టిలో వేసి, వెనక్కి తీసి, పల్లాన్ని చుట్టి గరపనేల మీదుగా బయల్దేరింది. బండ్లవాళ్ళు ఈలలు వేశారు. "జూసినారా! దుర్భిణికి కనపడిందా ఇది?" అని నాయన దుబాసీని నిలదీశాడు. దుబాసీ కూడా తల ఊపాడు. వెనక టకటకా రాళ్ళు పడుతున్నాయి. ఆ ఘడియలో మా నాయన మొహం చూడవలసిందే. తన పొట్ట కొట్టే పొగబండికి తన ఎద్దే దారి చూపిస్తోందన్న స్పృహ ఆయనకి ఏ కోశానా లేదు.

అప్పుడు అవ్వ పొయ్యి మీది కుండ దించి, చారుకి కొంత నీరు వంచి పక్కన పెట్టి, ఉలవలు మిగిలిన నీళ్ళతో సహా తొట్టిలో ఒంపింది.

సన్నాసి తల ఎత్తింది. చెవులు నిక్కించింది. నడక కాస్తా పరుగయింది. ఉదయగిరి దారి కుడిచేతి వైపు వదిలేసి, వీపు మీద ఉప్పు మూటలు ఎగిరిపడుతుండగా, తుమ్మకంప కంచెని ఛాతీతో తోసేసి, మా పెరట్లోకి వచ్చి, తొట్టిలో కళ్ళ దాకా మొహం ముంచేసింది. ఆ ఎద్దు జన్మలో నడిచిన ప్రతి దారీ ఆ తొట్టి దగ్గరికే. గట్టినేల వెతుక్కున్నదీ అక్కడికి తొందరగా చేరడానికే. ఇది ఇంతమంది బండ్లవాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. రొప్పుకుంటూ వచ్చిన జమేదారు చుట్టూ చూసి, దొర మాట మాటే కాబట్టి, తొట్టి పక్కన ఆఖరి రాయి పాతించాడు.

కబురు విని దొర డోలీలో వచ్చాడు. కంచెకి పడ్డ కంత చూశాడు, రాయిని చూశాడు, మూతికి అంటిన ఉలవలు నాలుకతో తీసుకుంటున్న సన్నాసిని చూశాడు. కాలి నొప్పి మరిచిపోయి, డోలీ మోసేవాళ్ళు తూలేట్టుగా నవ్వాడు. నవ్వు ఆగాక దుబాసీ చేత అవ్వని అడిగించాడు. దారి ఇలాగే వేస్తే ఈ ఇల్లు కొట్టేయాల్సి వస్తుంది, నీకు సమ్మతమేనా అని.

మా అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఏ పూటకొస్తాదో చెప్పమను. బియ్యం పోసుకోవాల గదా," అంది.

దుబాసీ అది చెప్పగానే దొర నవ్వు పోయింది. అవ్వ మొహంలోకి కాసేపు చూసి, మధ్యాహ్నానికి వస్తుందని చెప్పమన్నాడు. ఇప్పుడే ఇంత తిని పొమ్మంది అవ్వ. వద్దన్నాడు. పొగబండిలోనే వచ్చి తింటానన్నాడు. మజ్జిగ మాత్రం తాగి వెళ్ళాడు. కూలీలూ జమేదారూ ఉలవచారుతో అన్నం తిని వెళ్ళారు. దుబాసీ మూడుసార్లు పోయించుకున్నాడు.

నాయనకి ఆ సాయంత్రానికి గాని సంగతి బుర్రకెక్కలేదు. ఎక్కాక గడ్డపార తీసుకుని రాయి పీకడానికి పెరట్లోకి వచ్చాడు. అప్పటికే అవ్వ ఆ రాయి మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"లెయ్ మా. ఇల్లు పోతాది."

"పోనీ."

"మన బండ్లు పోతాయి. ఈ పూటకూళ్ళు పోతాయి. ఉలవలు ఎందుకు ఉడకేసినావు?"

"ఎద్దు తింటాదని."

"ఇన్నాళ్ళూ ముడి విప్పనిదానివి! ఈ పొద్దే ఎందుకంట?"

అవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. "నీ తమ్ముడు గింజల కోసరం పోయినాడు. గింజలే ఇంటికొచ్చుంటే వాడు పోయుండడు. నీకు బండ్లుండాయి, సరే. ఎద్దులు చస్తే బండి నడిచిందా? ఆకలికి చావని బండి ఒకటి నా పెరట్లో నిలబడితే నాకు ఇల్లెందుకురా?" అంది. ఏడవలేదు. నాయన గడ్డపార గోడకి ఆనించి, రాయి పక్కనే నేల మీద కూర్చున్నాడు. నేను గడపలో నిలబడి ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళు మసకలు కమ్ముతున్నాయి.

దొర కాలు నయం అయింది. నెల్లూరు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అతన్ని ఎక్కడికో బదిలీ చేశారని కొందరు, చలువకి ఇంగ్లండు సీమకి పోయాడని కొందరు అన్నారు. రైలు కొన్నేళ్ళకి నెల్లూరికి వచ్చింది గానీ మా వైపు తిరిగి చూడలేదు. శెట్టి ఉప్పు నీళ్ళవుతూనే ఉంది. రెడ్డిగారు బూడిద మీద ఆశ వదులుకున్నాడు. సన్నాసి ముసలిదై, ఆ తొట్టి పక్కనే కన్ను మూసింది. నాయన దాన్ని పెరట్లోనే పూడ్చాడు.

అవ్వ మాత్రం దొర మాట నమ్మింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం ఎసట్లో, వచ్చే బండ్ల లెక్కకి మించి, రెండు చేతులా అదనంగా పోసేది. అదేంటని అమ్మ అడిగితే "పొగబండి కూడు" అనేది. పొగబండి రాలేదు గానీ ఆ అన్నం ఒక్కనాడూ మిగల్లేదు. దుత్తలూరు నుంచి కూలికి దిగే వాళ్ళో, సోమశిల వైపు నుంచి చేపలు మోసుకొచ్చే ముసలమ్మో, మిషను బడికి నడిచి వచ్చి పలక చంకన పెట్టుకుని వెళ్ళే పిల్లలో, ఎవరో ఒకరు సరిగ్గా ఆ వేళకి మా కంచె కంతలోంచి తొంగిచూసేవాళ్ళు. ఎవరు తిన్నా అవ్వ అడిగేది ఒక్కటే, పొగబండి యాడన్నా కనపడిందా అని. కనపడలేదంటే, "సరే, దాని వంతు నువ్వు తిను," అనేది. ఆ కంతని ఆమె ఎప్పుడూ కంపతో మూయించలేదు.

ఆమె పోయాక అమ్మ పోసింది. అమ్మ తర్వాత మా వదిన పోసింది. ఉదయగిరిలో సంసారం అంతా ముగించుకుని, ముసలిదాన్నై ఈ ఇంటికే తిరిగి వచ్చాక నేను పోస్తున్నాను. ఇప్పుడు పూటకూళ్ళు లేవు, బండ్లు లేవు. మా ఇంటి ముందు మోటారు బస్సు దుమ్ము లేపుకుంటూ పోతుంది, ఎవరి బండో గంట విని పోల్చుకునే పని లేదు, అన్ని బస్సులదీ ఒకటే మోత. మళ్ళీ సరుకుల రైలు వస్తుందట అనగానే ఆత్మకూరు బస్సులవాళ్ళు మీటింగు పెట్టుకుని వద్దంటున్నారని, బట్టల షాపువాళ్ళు కావాలంటున్నారని మా మనవడు చెప్పాడు. ఆ మీటింగులో మాటలు నాకు వినక్కర్లేదు, ఒకసారి మా అరుగు మీద విన్నవే. మనుషుల కన్నా వాహనాలే తొందరగా మారాయి. ఒక్కటి మాత్రం ఆ రోజుల్లో లేనిది ఇప్పుడు ఉంది. కరువొస్తే గింజలు ఎలాగో ఒకలాగు మా ఊరు చేరుతున్నాయి. అది తలుచుకున్నప్పుడల్లా చిన్నాయన గుర్తొస్తాడు, ఆయనకి ఇంత ఆలస్యంగా పుట్టే భాగ్యం లేకపోయిందే అనిపిస్తుంది.

ఇంజినీరు అబ్బాయి కథంతా వింటూ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. కూలీలు నవ్వి నవ్వి పొలమారి నీళ్ళు తాగారు. అతను మాత్రం చివర్లో నవ్వడం మానేసి, ఎంగిలి చేత్తోనే కూర్చుని చాలాసేపు తొట్టి వైపు చూశాడు. "ఈ వంకర తీసేసి తిన్నగా పట్టుకుపోతే మీ ఇల్లు మిగులుతుందమ్మా. అలాగే చేస్తాను," అన్నాడు. తీసెయ్ నాయనా, ఎద్దు మాట ఈ రోజుల్లో ఎవరు వింటారు అన్నాను. ఆ తర్వాత, అనాలా వద్దా అనుకుంటూనే, కంచెలోంచి చూస్తే కనపడేంత దగ్గర్లో పోనిమ్మన్నాను. సరేనన్నాడు.

లేచి చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "మేం వస్తామని మీకు తెలియదు కదా. ముగ్గురికి సరిపడా అన్నం ఎలా ఉంది?"

అది మీదేనయ్యా అన్నాను. అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇన్నేళ్ళలో ఎందరో తిన్న ఆ కూడు, రైలు తాలూకు మనిషి తినడం అదే మొదలు. అతను టోపీ పెట్టుకుని, రాళ్ళ వెంట వెనక్కి నడుచుకుంటూ పోతుంటే, మా అవ్వ ఆ రాయి మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ అన్నట్టే వినపడింది నాకు.

"మధ్యానానికి వస్తానన్నాడు. వచ్చినాడు గదా."